బల్బునుంచి బయటికి: మొదటి స్టెయిన్డ్ గ్లాస్ లాంప్‌షేడ్‌ను ఎలా రూపొందించుకోవాలి

గాజుముక్కల అంచులకు సన్నని రాగి పట్టీ చుట్టి, కరిగించిన లోహంతో (సోల్డర్‌తో) అతికే కాపర్ ఫాయిల్ పద్ధతిలో కిటికీకి వేలాడదీసే చిన్న పలకలు కొన్ని చేశానని, ఇప్పుడు బల్లమీది దీపానికి తామరపూల షేడ్ ఒకటి సొంతంగా గీసి చేయాలని ఉందని రాశారు. మీరు అడిగినవి నాలుగు: గుమ్మటం ఆకారం తీసుకోవాలా లేక చదునైన పలకలను కలపాలా, మిగిలి ఉన్న పారదర్శకమైన రంగు గాజు దీనికి పనికివస్తుందా, బొమ్మను ఎక్కడినుంచి గీయడం మొదలుపెట్టాలి, నిలువు అతుకుల మీద సోల్డర్ కిందికి జారకుండా ఏం చేయాలి. మొదటి మూడింటికీ జవాబు ఒకేచోట ఉంది. షేడ్ రూపకల్పన కాగితం మీది పువ్వుతో మొదలుకాదు. బల్బు ఎక్కడ ఉంటుంది, అక్కడినుంచి ఏ గాజుముక్కకు ఎంత వెలుగు చేరుతుంది అన్నదానితో మొదలవుతుంది. కిటికీ పలకలు చక్కగా చేయగలిగినవారు కూడా తడబడేది ఇక్కడే, ఎందుకంటే కిటికీకి ఈ లెక్క అవసరం లేదు.

కిటికీకి వెలుగు ఆకాశం నుంచి వస్తుంది. మెదక్ కెథడ్రల్‌లో ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన గాజు కిటికీల ముందు పగటిపూట నిలబడితే పైముక్కకూ అడుగుముక్కకూ వెలుగు దాదాపు ఒకే తీరుగా అందుతుంది. పొద్దుగూకాక లోపల ఉన్నవారికి ఆ బొమ్మలు కనబడవు. దీపంలో వెలుగు పుట్టేచోటు గాజుకు జానెడు దూరంలోనే ఉంటుంది, అది కూడా ఒకచోట దగ్గరగా, మరోచోట దూరంగా ఉంటుంది. పైగా షేడ్‌ను మనం రెండు విధాలుగా చూస్తాం: రాత్రి లోపలి వెలుగుతో, పగలు బయటినుంచి పడి తిరిగివచ్చే వెలుగుతో. ఈ రెండింటికీ నిలబడే గాజునే ఎంచుకోవాలి.

ఆకారం విషయంలో నా సలహా స్పష్టంగా ఇది: మొదటి షేడ్‌కు ఎనిమిది చదునైన పలకలు తీసుకోండి. గుమ్మటానికి ఫైబర్‌గ్లాస్ మూస కావాలి, ఆ మూసకు సరిపోయే నమూనా కావాలి, ముక్కలు వంపుమీద కూర్చోవాలి కనుక అవి చిన్నవిగా, వందల సంఖ్యలో ఉండాలి. చదునైన పలకలైతే మీకు ఇదివరకే వచ్చిన పనిని ఎనిమిదిసార్లు చేసి, చివర కలపడమే.

కొలతలు ఇలా తేల్చుకోవచ్చు. అడుగున ఎదురెదురు అంచుల మధ్య 32 సెం.మీ., పైన 8 సెం.మీ., నిట్టనిలువు ఎత్తు 16 సెం.మీ. ఉండాలనుకుందాం. మధ్యబిందువు నుంచి అంచుకు దూరం అడుగున 16, పైన 4, తేడా 12. నిలువు 16, అడ్డం 12 అయినప్పుడు పైథాగరస్ సూత్రం ప్రకారం పలక ఏటవాలు ఎత్తు సరిగ్గా 20 సెం.మీ. వస్తుంది. ఎనిమిది భుజాల ఆకారంలో ఒక భుజం పొడవు కావాలంటే ఎదురెదురు అంచుల దూరాన్ని 0.414తో గుణించాలి; అంటే పలక అడుగు వెడల్పు 13.25 సెం.మీ., పై వెడల్పు 3.3 సెం.మీ. ఆరు పలకలు చాలనుకుంటే 0.577తో గుణించండి, అప్పుడు అడుగు వెడల్పు 18.5 సెం.మీ. అవుతుంది, మూలలు మరీ కోణీయంగా కనిపిస్తాయి. ఈ కొలతలను గాజు మీదికి తీసుకువెళ్ళే ముందు మందపాటి అట్టతో ఎనిమిది పలకలనూ కత్తిరించి, టేపుతో అతికించి, మీ స్టాండు మీద పెట్టి చూడండి. మీరు కూర్చునే కుర్చీలో కూర్చుని చూసినప్పుడు షేడ్ అడుగు అంచు మీ కంటిమట్టానికి కొంచెం కిందికి ఉండాలి. అంతకంటే పైకి ఉంటే మీరెంత అందమైన తామరలు చేసినా, కళ్ళకు కనిపించేది బల్బే.

అట్ట నమూనా నిలబెట్టాక బల్బు స్థానం నిర్ణయించండి. పై కొలతల షేడ్‌లో బల్బు మధ్యభాగం పై అంచుకు 6 సెం.మీ. దిగువన ఉందనుకుంటే, పలకలో దానికి అతి దగ్గరి చోటు సుమారు 7 సెం.మీ. దూరంలో, అడుగు అంచు సుమారు 19 సెం.మీ. దూరంలో ఉంటాయి. వెలుగు దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది కనుక దూరం ఒక్కటే ఏడు రెట్లకు పైగా తేడా తెస్తుంది. అడుగు అంచు మీద వెలుగు ఏటవాలుగా పడటం కూడా కలిస్తే తేడా ఇంకా పెరుగుతుంది. ఒకే గాజును పైనుంచి కిందిదాకా వాడిన షేడ్‌లలో పైభాగం తెల్లబోయి, అడుగుభాగం బూడిదరంగుగా మిగలడానికి కారణం ఇదే. అందువల్ల బల్బుకు దగ్గరగా ఉండే పట్టీలో దట్టమైన గాజునూ, అడుగు అంచు వైపుకు వెళ్ళేకొద్దీ వెలుగును ఎక్కువగా వదిలే గాజునూ పెట్టాలి. తామరపూలు మీ ఇష్టం వచ్చిన చోట కాక, వెలుగు ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా ఉండే మధ్యభాగంలో, అంటే పలక ఎత్తులో అడుగునుంచి మూడో వంతు మొదలుకొని మూడింట రెండు వంతుల వరకు ఉంటే రేకుల రంగు బాగా పలుకుతుంది. ఆకులు, నీళ్ళు అడుగున, ఆకాశం పైన అన్న సహజమైన అమరిక ఇక్కడ అనుకోకుండా కలిసివస్తుంది, పైభాగపు ఆకాశాన్ని దట్టమైన పాలరంగు గాజుతో చేయాలన్న ఒక్క షరతుతో.

బల్బు గురించి ఒక మాట. మన ఇళ్ళలో ఎక్కువగా వాడే 6500 కెల్విన్ తెల్లటి ఎల్‌ఈడీ బల్బును ఈ షేడ్ లోపల పెట్టవద్దు. దాని కింద కాషాయం, గులాబి, ఎరుపు జీవం లేకుండా కనిపిస్తాయి. 2700 కెల్విన్ వార్మ్ వైట్ బల్బు, తెల్లటి పాలగోళం ఉన్నది, 7 నుంచి 9 వాట్లది తీసుకోండి; పెట్టెమీద సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సూచిక) 90 లేదా అంతకంటే ఎక్కువ అని ఉంటే మరీ మంచిది. వార్మ్ వైట్ కింద నీలం కొంచెం కుంగుతుంది, కాబట్టి నీళ్ళకు మీరు దుకాణంలో మెచ్చిన నీలం కంటే ఒక మెట్టు లేత రంగును ఎంచుకోవాలి. గాజు కొనడానికి వెళ్ళేటప్పుడు ఇదే బల్బును ఒక హోల్డరుతో సహా వెంట తీసుకువెళ్ళి, ప్రతి పలక వెనుక పెట్టి చూడమని నేను అందరికీ చెబుతాను. దుకాణదారు విసుక్కున్నా సరే.

ఇక పారదర్శకమైన గాజు సంగతి. కెథడ్రల్ గాజు అని పిలిచే ఆ రకం కిటికీకి ఎంత బాగుంటుందో దీపానికి అంత ఇబ్బంది పెడుతుంది. రాత్రి దానిలోంచి బల్బు, హోల్డరు, వైరు అన్నీ కనబడతాయి. పగలు, వెనుక వెలుగు లేనప్పుడు, అది నల్లగా కనిపిస్తుంది. దీపానికి కావలసింది ఓపలెసెంట్ గాజు, అంటే లోపల పాలలాంటి తెలుపు కలిసి, వెలుగును చెదరగొట్టి, వెనుక ఉన్న వస్తువును దాచేది. ఈ గాజుకు అమెరికాలో జాన్ లా ఫార్జ్ 1880లో పేటెంటు పొందారు, మరుసటి ఏడాది లూయీ కంఫర్ట్ టిఫనీ తన పేటెంట్లు తీసుకున్నారు. తరువాత న్యూయార్క్‌లోని టిఫనీ స్టూడియోస్ దీపాలకు ప్రపంచమంతా పేరు వచ్చింది గాని, వాటిలో అనేకం రూపొందించింది 1892లో ఏర్పడిన మహిళల గాజు కోత విభాగానికి అధిపతిగా ఉన్న క్లారా డ్రిస్కాల్ అన్న సంగతి, ఆమె ఇంటికి రాసిన ఉత్తరాలు వెలుగులోకి వచ్చి 2007లో అక్కడ ప్రదర్శన జరిగేదాకా చాలామందికి తెలియదు. పెళ్ళయిన స్త్రీలకు ఆ సంస్థలో ఉద్యోగం ఉండేది కాదు. 1900 పారిస్ ప్రదర్శనలో మెప్పు పొందిన తూనీగల దీపం ఆమె రూపకల్పనే.

ఈ చరిత్ర ఇక్కడ ఎందుకంటే, ఆ విభాగం చేసిన అసలైన పని గాజును కోయడం కంటే ఎంచడం. ఒకే ఓపలెసెంట్ పలకలో ఒకచోట గులాబి చిక్కగా, పక్కనే పలచబడి తెల్లగా ఉంటుంది. రేకు మొదలు చిక్కగా, కొన పలచగా ఉండాలంటే దానికి రంగు వేయనక్కరలేదు, గాజులో ఆ చోటు వెతికి పట్టుకుంటే చాలు. అందుకు తేలికైన ఉపాయం ఒకటి ఉంది. నల్లటి అట్టలో రేకు ఆకారంలో ఒక రంధ్రం కోసి, గాజు వెనుక వెలుగు పెట్టి, ఆ రంధ్రాన్ని గాజు మీద అటూ ఇటూ జరుపుతూ చూడండి; రేకు కనిపించిన చోట గుర్తు పెట్టండి. ఇలా ఎంచుకుంటే వృథా ఎక్కువవుతుంది. మన షేడ్ మొత్తం వైశాల్యం సుమారు 1,325 చదరపు సెం.మీ.; 30 సెం.మీ. చదరపు పలకలు రెండు లెక్కకు సరిపోతాయి గాని, మూడు రంగులైనా ఉంటాయి కనుక ఆ మొత్తానికి రెట్టింపు గాజు కొనడం నయం. గాజులో చారలు ఉంటే ఆకుల్లో ఈనెల దిశగా, నీళ్ళలో అడ్డంగా, ఆకాశంలో ఎనిమిది పలకల్లోనూ ఒకే దిశలో పోనివ్వండి. ఇళ్ళ తలుపులకు అమ్మే, ఒకవైపు రంగు పూసిన గాజును మాత్రం ముట్టుకోవద్దు; అంచులు అరగదీసే గ్రైండరుకూ, సోల్డర్ పట్టడానికి పూసే ఫ్లక్స్‌కూ ఆ పూత అంచుల్లో లేచిపోతుంది. మీ దగ్గర మిగిలిన పారదర్శకమైన గాజును పారేయనక్కరలేదు. పువ్వు నడుమ బుడిపెకో, అడుగు అంచు పొడవునా సన్నని పట్టీకో కొద్దికొద్దిగా వాడితే అక్కడ వెలుగు చుక్కలుగా మెరుస్తుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు ఇప్పుడు చేస్తున్న దీపాల షేడ్‌లను చూడండి: అర్ధపారదర్శకమైన తోలు వెలుగును పరుస్తుంది, నల్లని గీత ఆకారాన్ని నిలబెడుతుంది, నగల దగ్గర పొడిచిన రంధ్రాలు మాత్రమే మిణుకుమంటాయి. మనకు కావలసిన పాళ్ళు కూడా అవే.

ఇప్పుడు బొమ్మ. ఒక పలకకు ఒక పువ్వు గీసి దాన్ని ఎనిమిదిసార్లు వేయడం తేలిక గాని, ఫలితం ఎనిమిది ఫొటోలు వరుసగా అంటించినట్టు ఉంటుంది. రెండు పలకలను కలిపి ఒక బొమ్మగా గీయండి. పువ్వును సరిగ్గా ఆ రెండింటి మధ్య మూల మీదికి రానివ్వండి, ఆకులు పక్క పలకలోకి దాటనివ్వండి. అప్పుడు ఆ జత నాలుగుసార్లు వస్తుంది, మూలల గీతలు పువ్వుల వెనుక మరుగున పడతాయి. దీనికి ఒక నియమం తప్పనిసరి: జత ఎడమ అంచును ఏ గీత ఏ ఎత్తులో తాకుతుందో, కుడి అంచునూ అదే ఎత్తులో తాకాలి. అట్ట నమూనా మీద బొమ్మను అతికించి చుట్టూ తిప్పి చూస్తే తప్పులు వెంటనే కనిపిస్తాయి.

గీసిన ప్రతి గీతా ఒక కోత, ఒక అతుకు, ఒక నల్లని రేఖ అని గుర్తుంచుకుని గీతలను మళ్ళీ పరిశీలించాలి. రెండు రేకులు కలిసే లోతైన మూలలోకి నేపథ్యపు గాజును ఒకే ముక్కగా కోయలేరు. కోసినా ఆ మూలనుంచే పగులుతుంది. అలాంటి ప్రతి మూలనుంచీ ఒక గీతను బయటికి తీసి, తామరకాడగానో ఆకు అంచుగానో మరో గీతలో కలపాలి. సూదిలాంటి కొనలను మొద్దుబార్చాలి, ఎందుకంటే ఫాయిల్ చుట్టాక కొనలో గాజు మిగలదు, సోల్డర్ ముద్ద మాత్రమే మిగులుతుంది. 3 మి.మీ. గాజు అంచుకు 7/32 అంగుళాల ఫాయిల్ చుడితే ఇరువైపులా ఒకటిన్నర మి.మీ. కంటే కొంచెం తక్కువ మడత వస్తుంది; రెండు ముక్కలు కలిసినచోట రేఖ మందం 3 మి.మీ. దాకా ఉంటుంది. వేలిగోరు కంటే చిన్న ముక్కలు గీయవద్దని చెప్పడానికి కారణం అదే. ఇంకొకటి, పలక ఎడమ అంచునుంచి కుడి అంచుదాకా ఒకే సరళరేఖ పోతే అది మడతబందులా పనిచేసి, అక్కడ పలక వంగుతుంది. నీటిమట్టాన్ని చూపే గీత సరిగ్గా ఇలాగే వస్తుంది కనుక దాన్ని ఆకులతో విరగ్గొట్టండి. నమూనా ముక్కలు కత్తిరించడానికి కాపర్ ఫాయిల్‌కు ఉద్దేశించిన కత్తెరనే వాడండి, అది రెండు ముక్కల మధ్య ఫాయిల్‌కు కావలసిన సందును తీసేస్తుంది. పలకకు పన్నెండు ముక్కల చొప్పున వేసుకుంటే మొత్తం 96 ముక్కలు, సుమారు 15 మీటర్ల ఫాయిల్. ఒక చుట్ట చాలు. నల్లని పాటినా (అతుకుల లోహపు రంగు మార్చే రసాయనం) వేయదలిస్తే లోపలివైపు నల్లగా ఉన్న ఫాయిల్ కొనండి, పారదర్శకమైన ముక్కల అంచుల్లో రాగిరంగు కనబడకుండా ఉంటుంది.

ప్రతి పలకనూ విడిగా చదునుగా పెట్టి, మూల అంచులను మాత్రం వదిలి, రెండువైపులా సోల్డర్ చేసి, ఎనిమిదింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి కొలత సరిచూడండి. ఒక్కో పలకలో 1 మి.మీ. తేడా ఉన్నా ఎనిమిదోది మూతపడదు. తరువాత అన్నింటినీ ముందువైపు పైకి ఉండేలా, పై అంచులు దగ్గరగా ఉండేలా బల్లమీద విసనకర్రలా పరవండి. మన కొలతలకు అది సుమారు 220 డిగ్రీల వరకు విచ్చుకుంటుంది. అతుకుల మీద అడ్డంగా గట్టి టేపు వేసి, ఇద్దరు పట్టుకుని నెమ్మదిగా లేపి, మొదటి, చివరి పలకలను కలపండి. పైనా కిందా చిన్న చుక్కలుగా సోల్డర్ పెట్టి, ఎదురెదురు దూరాలు 32 సెం.మీ. ఉన్నాయో లేదో కొలిచాకే ముందుకు వెళ్ళండి.

ఇక్కడే మీ నాలుగో ప్రశ్న వస్తుంది. సోల్డర్ జారకుండా ఉండడానికి చేతి నైపుణ్యం కంటే షేడ్‌ను నిలబెట్టే తీరు ముఖ్యం. ఇసుక సంచులు గాని, చిత్తుకాగితాలు కుక్కిన అట్టపెట్టె గాని తీసుకుని, పనిచేస్తున్న అతుకు పూర్తిగా నేలకు సమాంతరంగా వచ్చేలా షేడ్‌ను పడుకోబెట్టండి. ఒక అతుకు అయ్యాక తిప్పి మరొకటి. ముందు లోపలి అతుకులు, తరువాత బయటివి. బయట మూలల దగ్గర రెండు పలకల మధ్య వి ఆకారపు గాడి ఉంటుంది కనుక ఒకేసారి నింపకుండా, మొదట పలచని పొర వేసి చల్లారనిచ్చి, రెండోసారి గుండ్రని కట్ట వచ్చేలా వేయాలి. లోపలివైపు 50/50 సోల్డర్ (సగం తగరం, సగం సీసం), బయటివైపు 60/40 (తగరం 60, సీసం 40 పాళ్ళు) వాడటం మంచి పద్ధతి. రెండూ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడటం మొదలుపెట్టినా, 60/40 సుమారు 190 డిగ్రీలకు పూర్తిగా కరుగుతుంది, 50/50కి 215 డిగ్రీల దాకా కావాలి. అందువల్ల బయట పనిచేసేటప్పుడు లోపలిది తొందరగా కరిగి కారిపోదు. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే, నడుమ రోజిన్ అనే ఫ్లక్స్ ఉన్న సన్నని సోల్డర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఈ పనికి సరిపోవు. ఘనమైన సోల్డర్ తీగ, వేడిని నియంత్రించగల 80 నుంచి 100 వాట్ల ఐరన్ కావాలి.

బరువు గురించి చాలామంది ఆలోచించరు. 3 మి.మీ. మందాన ఈ షేడ్‌లో గాజు ఒక్కటే సుమారు ఒక కిలో. సోల్డర్, షేడ్ పై అంచు మీద కూర్చునే ఇత్తడి టోపీ కలిస్తే కిలోన్నర వరకు పోతుంది. ఆ బరువంతా మోసేది పైనున్న టోపీ. దాని మీద లక్క పూత ఉంటే గీకి తీసి, అంతటా సోల్డర్ పూసి, ఎనిమిది మూల అతుకులనూ విడివిడిగా దానికి కలపాలి. అడుగు అంచు చుట్టూ రాగి తీగ ఒకటి వేసి, ప్రతి అతుకు దగ్గరా సోల్డర్‌తో కలిపితే షేడ్ వెడల్పు మారకుండా ఉంటుంది. టోపీకి గాలి రంధ్రాలు ఉన్నదే కొనండి. ఎల్‌ఈడీ బల్బు తాకితే చల్లగానే అనిపించినా దాని మెడలోని సర్క్యూట్‌కు వేడి బయటికి పోయే దారి లేకపోతే త్వరగా పాడవుతుంది. స్టాండు షేడ్ కంటే బరువుగా, అడుగున వెడల్పుగా ఉండాలి.

షేడ్ మొత్తం లోహపు వల అని, మన కరెంటు 230 వోల్టులని మరచిపోకూడదు. రెండు పిన్నుల ప్లగ్గుతో ఈ దీపాన్ని నడపవద్దు. మూడు తీగల వైరు తీసుకుని, ఎర్త్ తీగను స్టాండు లోహానికి గట్టిగా బిగించి, స్టాండుకూ షేడ్‌కూ మధ్య లోహపు సంబంధం ఉందో లేదో మీటరుతో చూసుకోవాలి. వైరు స్టాండులోకి వెళ్ళే రంధ్రానికి రబ్బరు వాషరు, లోపల వైరును లాగినా ఊడకుండా పట్టుకునే బిగింపు ఉండాలి. ఈ భాగాన్ని ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

సీసం గురించి భయపడనవసరం లేదు గాని నిర్లక్ష్యం తగదు. సోల్డరింగ్‌లో లేచే పొగ ప్రధానంగా ఫ్లక్స్‌ది. దానికి కిటికీ తెరిచి, ముఖానికి దూరంగా లాగే ఫ్యాన్ పెట్టాలి. సీసం ముఖ్యంగా చేతులనుంచి నోటికి చేరుతుంది. కాబట్టి వంటగట్టు మీద, భోజనాల బల్ల మీద ఈ పని చేయకూడదు. మధ్యలో టీ తాగాలన్నా సబ్బుతో చేతులు కడగాలి. పసిపిల్లలున్న ఇంట్లో, గర్భవతులున్న ఇంట్లో పనిగది వేరుగా ఉండాలి, లేదా సీసం లేని సోల్డర్ వాడాలి. అది మరికొంత వేడి కోరుతుంది, కట్ట అంత నునుపుగా రాదు, అయినా దీపం గట్టిదనానికి లోటు ఉండదు. గ్రైండరులో స్పాంజి ఎప్పుడూ తడిగా ఉండాలి, గాజుపొడిని పొడి చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి.

సోల్డరింగ్ ముగిసిన రోజే షేడ్‌ను గోరువెచ్చని సబ్బునీటితో లోపలా బయటా కడిగి ఫ్లక్స్ పూర్తిగా పోగొట్టండి; రాత్రంతా ఉంచితే అతుకుల మీద తెల్లని పొడి లేస్తుంది, దాని మీద పాటినా పట్టదు. తరువాత చేతి తొడుగులు వేసుకుని పాటినా రుద్ది, మళ్ళీ కడిగి, బాగా ఆరాక మైనం పాలిష్ పట్టించండి. తామరపూలకు నా ఓటు నలుపుకే. రాగిరంగు పాటినా పగలు అందంగానే ఉంటుంది గాని, బల్బు వెలిగించాక గులాబి రేకుల పక్కన ఆ గీత రంగుతో పోటీపడుతుంది.